ట్యాంకరు తలరాత

దువ్వాడ అంటే బయటివాళ్లకి ఒక రైల్వే స్టేషన్, అంతే. విశాఖ స్టేషన్లోకి వెళ్లిన రైలు ముందుకి సాగాలంటే ఇంజన్ని ఇంకో కొసకి మార్చుకోవాలి. ఆ తిప్పలు వద్దనుకున్న రైళ్లు దువ్వాడలో కాసేపు ఆగి అటునుంచి అటే పోతాయి. టికెట్ మీద దువ్వాడ అని చూసి "ఇక్కణ్ణుంచి వైజాగ్ ఎంత దూరమండీ?" అని అడగని ప్రయాణీకులు తక్కువ. ఇక్కడ ఉండేవాళ్లకి మాత్రం దువ్వాడ అంటే ఒక పక్క స్టీల్ ప్లాంటు, ఇంకో పక్క సెజ్, కూర్మన్నపాలెం జంక్షన్‌కి వస్తే జాతీయ రహదారి మీద రాత్రీ పగలూ పోయే ట్యాంకర్లు. పోర్టులో దిగిన సరుకు, రిఫైనరీలో తయారైన సరుకు, పరవాడ, అచ్యుతాపురం ఫ్యాక్టరీలకి చేరాల్సిన సరుకు చాలావరకు ఇలాగే పోతుంది.

లారీల వెనక రాతలు చదవడం మనకందరికీ అలవాటే. ప్రేమ మీద ఒక కొటేషన్, అమ్మానాన్నల మీద ఒకటి, ఏడుపుగొట్టు వాళ్ల మీద ఒకటి. ట్యాంకర్ల వెనక వీటితో పాటు ఇంకో పలక ఉంటుంది. అందులో ఒక నాలుగంకెల సంఖ్య, రెండు మూడు అక్షరాల కోడ్, మూలమీద నిలబెట్టిన చతురస్రంలో ఒక బొమ్మ, కొన్ని ఫోన్ నంబర్లు. ట్రాఫిక్‌లో పావుగంట దాని వెనకే ఇరుక్కున్నా దాన్ని చదివేవాళ్లు అరుదు. చదివినా అర్థం కాదు, ఎందుకంటే అది మనకోసం రాసింది కాదు. మరి ఎవరికోసం రాసిందన్నదే ఈ వ్యాసం. ప్రమాద సూచికల చరిత్రని ఎటునుంచి తవ్వినా ఆ ప్రశ్న దగ్గరే తేలుతున్నాను.

పెట్రోల్ ట్యాంకర్నే తీసుకోండి. వెనక 1203 అని ఉంటుంది. ఇది పెట్రోలుకి ఐక్యరాజ్యసమితి ఇచ్చిన సంఖ్య. టోక్యోలో అయినా తుని దగ్గరైనా 1203 అంటే పెట్రోలే. డీజిల్ 1202, క్లోరిన్ 1017, నీళ్లు కలవని అమ్మోనియా 1005. దాని పైన "3 వై ఈ" అని ఇంకో కోడ్ ఉంటుంది. దీన్ని హాజ్‌కెమ్ అంటారు. 1970ల మొదట్లో లండన్ ఫైర్ బ్రిగేడ్‌లో పుట్టింది. బోల్తాపడ్డ ట్యాంకర్ దగ్గరికి వచ్చిన ఫైర్ ఆఫీసర్‌కి పుస్తకం తిరగేసే తీరిక ఉండదు, లోపల ఏముందో చెప్పాల్సిన డ్రైవర్ స్పృహలో ఉండకపోవచ్చు. అందుకని "లోపల ఏముంది" అనేదాన్ని పక్కన పెట్టి, "మొదటి పది నిమిషాల్లో ఏం చెయ్యాలి" అనేదాన్ని రెండు మూడు అక్షరాల్లోకి కుదించారు. 3 అంటే నీళ్లు కొట్టొద్దు, నురగ వాడు. వై అంటే పేలొచ్చు, శ్వాస పరికరం తగిలించుకో, కారింది కాలవలోకి పోకుండా కట్ట వెయ్. ఈ అంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే సంగతి ఆలోచించు.

కోడ్ రాసి బతికేవాణ్ణి కాబట్టి దీని పొదుపు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. మూడు అక్షరాల్లో ఐదారు ఆదేశాలు. కానీ ఇంకో మాట కూడా ఉంది. ఈ మొత్తం లిపిలో, పక్కనే నిలబడ్డ మనిషికి సంబంధించింది ఆ ఒక్క "ఈ" మాత్రమే. అదీ ఆ మనిషితో చెప్పేది కాదు, అతని గురించి ఇంకొకరితో చెప్పేది.

మన దేశంలో ఈ పలకని తప్పనిసరి చేసింది 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలు. పదార్థం పేరు ఎంత ఎత్తు అక్షరాల్లో ఉండాలి, సంఖ్య ఎంత ఎత్తుండాలి, బొమ్మ ఎంత వెడల్పుండాలి అన్నీ మిల్లీమీటర్లతో సహా రాశారు. పేరు 50, సంఖ్య 100, బొమ్మ 250. ఇవే నిబంధనల్లో డ్రైవర్ గురించి ఒక వింత షరతుంది. ప్రమాదకరమైన సరుకు తోలేవాడికి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఒక భారతీయ భాషా, దాంతోపాటు ఇంగ్లీషూ చదవడం రాయడం రావాలి. ఇంకే లారీ డ్రైవర్‌కీ లేని అర్హత ఇది. అంటే లేబుల్ ఇంగ్లీషులో ఉంటుందని ముందే ఒప్పేసుకున్నారు. లేబుల్ని పాఠకుడి భాషలోకి తెచ్చే బదులు పాఠకుణ్ణే లేబుల్ భాషలోకి తెచ్చుకున్నారన్నమాట.

దీనికి పూర్తి ఎదురు ఉదాహరణ మన వీధిలోనే ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద పుర్రె బొమ్మతో "అపాయం" అని ఉండే రేకు. ఆ రేకు మీద హిందీ లేదా ఇంగ్లీషుతో పాటు ఆ జిల్లా భాష కూడా ఉండాలని, పుర్రె, ఎముకల బొమ్మా ఉండాలని 1956 నాటి విద్యుత్ నిబంధనలు చెప్పాయి. ఆ రేకు ఎవరికోసమో అందులో ఏ అయోమయమూ లేదు. స్తంభం ఎక్కబోయే కుర్రాడి కోసం, గేదెని కట్టేయబోయే రైతు కోసం. కరెంటు తీగ జనం మధ్యలోంచి పోతుందని చట్టం రాసినవాళ్లకి తెలుసు. ట్యాంకర్ కూడా జనం మధ్యలోంచే పోతుంది. కానీ దాన్ని కదిలే ఫ్యాక్టరీలాగా చూశారు తప్ప, మన వీధిలోకొచ్చిన వస్తువులాగా చూడలేదు.

పుర్రె గుర్తు సంగతి వచ్చింది కాబట్టి కాసేపు పురుగుమందుల దగ్గర ఆగుదాం. 1958లో కేరళలో వందమందికి పైగా చనిపోయారు. గోధుమపిండి తిని. ఓడలో ఆ పిండి బస్తాలని, ఫోలిడాల్ అనే పేరుతో అమ్మే పారాథియాన్ పురుగుమందు డబ్బాలని కలిపి తెచ్చారు. డబ్బాలు కారాయి, బస్తాలు పీల్చుకున్నాయి. పిండి బస్తా మీద "పిండి" అనే ఉంది, అందులో అబద్ధమేమీ లేదు. ఆ ఘటన మీద విచారణ జరిగింది, కమిటీలు కూర్చున్నాయి, పదేళ్ల తర్వాత 1968లో పురుగుమందుల చట్టం, 1971లో దాని నిబంధనలు వచ్చాయి. ఇప్పటికీ ప్రతి పురుగుమందు సీసా మీదా కనపడే రంగు త్రికోణం అప్పటిదే. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ప్రయోగశాల ఎలుకల్లో సగం చావడానికి కిలో బరువుకి ఎన్ని మిల్లీగ్రాములు కావాలన్నదాన్ని బట్టి రంగు. 50 లోపైతే ఎరుపు, 51 నుంచి 500 దాకా పసుపు, 501 నుంచి 5000 దాకా నీలం, ఆ పైన ఆకుపచ్చ. పుర్రె బొమ్మ ఎరుపుకే. "విషం" అన్న మాట ఎరుపుకీ పసుపుకీ ఉంటుంది. లేబుల్ మీద హిందీ, ఇంగ్లీషులతో పాటు సరుకు అమ్మే ప్రాంతపు భాష ఉండాలన్నది కూడా అందులోనే ఉంది.

ఉద్దేశం మంచిదే. కానీ శాకాహారానికి ఆకుపచ్చ చుక్క పెట్టుకున్న దేశంలో, విషం సీసా మీద ఆకుపచ్చ త్రికోణం చూసినవాడు ఏమనుకుంటాడో ఆలోచించండి. పైగా మన భాష చిక్కు ఒకటి. తెలుగులో "మందు" మోసినంత బరువు ఇంకే మాటా మోయదేమో. జ్వరానికి వేసుకునేది మందు, సాయంత్రం పోసుకునేది మందు, తుపాకీలో కూరేది మందు, చేలో కొట్టేది మందు. "మందు తాగాడు" అని ఫోనొస్తే అది నవ్వుకోవాల్సిన వార్తో, పరిగెత్తాల్సిన వార్తో గొంతుని బట్టి పోల్చుకోవాలి. ఒక తరం వెనక ఆ అయోమయం లేకుండా "ఎండ్రిన్ తాగాడు" అనేవాళ్లు. ఒక రసాయనం పేరు ఊరివాళ్ల నోట్లో లేబుల్ అవసరం లేనంత స్పష్టంగా స్థిరపడింది, ఎంతమంది ప్రాణాలు తీస్తే అలా స్థిరపడిందో మరి.

డబ్బా ఖాళీ అయ్యాక లేబుల్ ఏమవుతుందన్నది ఇంకో కథ. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. మోనోక్రోటోఫాస్ పట్టిన పాత డబ్బాలో వంటనూనె పోశారని తేలింది. మన దగ్గర పెళ్లి వంటల దగ్గర, అపార్ట్‌మెంట్ మెట్ల కింద కనపడే నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు చూడండి. సగం గీకేసిన కాగితం, ఎర్ర అంచులో ఒక మూల ఇంకా కనపడుతూనే ఉంటుంది. లేబుల్ పాతబడింది, డ్రమ్ము మాత్రం పనికొస్తోంది. మనం వస్తువుని పారెయ్యని జాతి. లేబుల్ రాసినవాళ్లు డ్రమ్ముకి ఒకటే జన్మ అనుకున్నారు.

ఇప్పుడు ఓడరేవు దగ్గరికి వద్దాం. ఐక్యరాజ్యసమితి సంఖ్యల వెనక ఉన్నది రవాణా కథ, రవాణా కథ అంటే రేవుల కథే. 1947 ఏప్రిల్ 16న అమెరికాలో టెక్సస్ సిటీ రేవులో గ్రాండ్‌క్యాంప్ అనే ఫ్రెంచి ఓడకి నిప్పంటుకుంది. లోపల దాదాపు 2,300 టన్నుల అమ్మోనియం నైట్రేట్ కాగితపు సంచుల్లో ఉంది. సంచుల మీద ఎరువు అని ఉంది. ఎరువే మరి. సరుకు తడిసి పాడైపోతుందని నీళ్లు కొట్టకుండా ఆవిరితో మంట ఆర్పబోయారు. నారింజరంగు పొగ అందంగా ఉందని జనం రేవులోకొచ్చి నిలబడి చూశారు. పేలుడులో దాదాపు 580 మంది పోయారు. ఆ ఊరి స్వచ్ఛంద ఫైర్ సిబ్బందిలో ఒక్కరు తప్ప అందరూ పోయారు. "ఎరువు" అన్న మాట ఎంత నిజమో అంత అబద్ధం కూడా అని రేవులకి ఆ రోజు తెలిసింది.

ఇలాంటి సరుకు ఒక దేశంలో ఒక పేరుతో ఎక్కి ఇంకో దేశంలో ఇంకో పేరుతో దిగుతుంటే ఎలాగని 1953లో ఐక్యరాజ్యసమితి నిపుణుల కమిటీ పెట్టింది. 1956లో మొదటి సిఫార్సులొచ్చాయి. ఆ పుస్తకాన్ని అట్ట రంగుని బట్టి ఆరెంజ్ బుక్ అంటారు. తొమ్మిది తరగతులు. పేలేవి, వాయువులు, మండే ద్రవాలు, మండే ఘనపదార్థాలు, మంటని ఎగదోసేవి, విషాలు, రేడియోధార్మికాలు, తినేసేవి, ఎందులోనూ ఇమడనివి. అమ్మోనియం నైట్రేట్ అయిదో తరగతి. పసుపు చతురస్రంలో, సున్నా మీద మంట. విశాఖ పోర్టు మన దేశంలోకి ఈ సరుకు దిగే ముఖ్యమైన రేవు. 2020 ఆగస్టు 4న బేరూత్‌లో 2,750 టన్నులు పేలాక కొద్దిరోజులు మన పేపర్లన్నీ దీని గురించే రాశాయి. తర్వాత మర్చిపోయాం.

ఆ పసుపు చతురస్రాన్ని దువ్వాడ వాళ్లు ఇంకో రకంగా ఎరుగుదురు. ద్రవ ఆక్సిజన్‌కి కూడా అదే గుర్తు. తను మండదు, పక్కదాన్ని మండనిస్తుంది. 2012 జూన్ 13 రాత్రి స్టీల్ ప్లాంటులో కొత్తగా కట్టిన ఆక్సిజన్ పీడనం తగ్గించే యూనిట్‌లో పేలుడు జరిగి 19 మంది ఇంజనీర్లు, కార్మికులు పోయారు. తొమ్మిదేళ్ల తర్వాత, 2021 ఏప్రిల్లో, అదే ప్లాంటులో ఏడు ట్యాంకర్లు నింపుకుని మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మహారాష్ట్రకి బయల్దేరింది. దేశమంతా టీవీల్లో ఆ రైలు వైపు చేతులు జోడించి చూసింది. సంఖ్య అదే 1073, గుర్తూ అదే. ఆ బొమ్మలో భయమూ లేదు భరోసా లేదు. ఇది మంటని పెంచుతుంది అనే ఒక్క వాస్తవం ఉంది. మంట ఊపిరితిత్తుల్లోదా, పైపులోదా అన్నది దాని పని కాదు.

లేబుల్ పదార్థాన్ని చెబుతుంది, పనిని చెప్పదు. దువ్వాడ సెజ్‌లోనే 2016 ఏప్రిల్ 26 సాయంత్రం ఒక బయోడీజిల్ యూనిట్ ట్యాంకులు అంటుకుని రాత్రంతా తగలబడ్డాయి. ప్రాణనష్టం జరగలేదు. తయారైన శుద్ధమైన బయోడీజిల్‌కి రవాణా చట్టాల్లో మండే ద్రవం అనే గుర్తు కూడా పడదు, అంత తేలిగ్గా అంటుకోదు కాబట్టి. కానీ దాన్ని తయారుచెయ్యడానికి మామూలుగా వాడే మెథనాల్‌కి మంట గుర్తూ, పుర్రె గుర్తూ రెండూ ఉన్నాయి. గేటు బయట నిలబడి చూసేవాడికి "పచ్చని ఇంధనం" అనే బోర్డు కనపడుతుంది.

ఇక భోపాల్. 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి దాటాక ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చిన వేలమందిని చూస్తున్న డాక్టర్లకి తాము ఏ విషానికి వైద్యం చేస్తున్నారో తెలియదు. ముఖానికి తడిగుడ్డ కప్పుకుంటే కొంత కాచేదన్న చిన్న సంగతి గోడ బయట ఎవరికీ ముందు చెప్పలేదు. దాని తర్వాత మన చట్టాలు మారాయి. 1986లో పర్యావరణ చట్టం, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి సవరణ, 1989లో ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనలు. యజమాని ప్రమాద సమాచారాన్ని కార్మికులకీ, అధికారులకీ, ఫ్యాక్టరీ పొరుగున ఉన్న జనానికీ చెప్పాలని సవరించిన ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 41 బి పెట్టింది. 1989 నిబంధనల్లో పదిహేనోది ఇంకా సూటిగా ఉంటుంది. పెద్ద ప్రమాదం జరిగితే దెబ్బతినే అవకాశం ఉన్న బయటి మనుషులకి ఆ ప్రమాదం ఎలాంటిదో, అప్పుడు ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో ముందే తెలియజెయ్యాలి. పదిహేడోది లేబుల్ గురించి: డబ్బా మీద లోపలేముందో, తయారుచేసినవాడి పేరు, చిరునామా, ఆ పదార్థపు భౌతిక, రసాయన, విష లక్షణాలు ఉండాలి. ఏ భాషలో అన్నది లేదు.

ఈ రెండు నిబంధనల మధ్య ఉన్న తేడానే నాకు అసలు కథలా కనిపిస్తుంది. పదిహేడోది డబ్బాకి లేబుల్. పదిహేనోది ఊరికి లేబుల్. మొదటిది ఎక్కడైనా కనపడుతుంది, ఎందుకంటే అది లేకపోతే సరుకు కస్టమ్స్ దాటదు, ఇన్సూరెన్స్ ఒప్పుకోదు. రెండోది లేకపోతే ఏ సరుకూ ఆగదు.

గోపాలపట్నం పక్కన ఆర్.ఆర్. వెంకటాపురం. దువ్వాడ నుంచి విశాఖకి వెళ్లే రైలు ఆ వైపు నుంచే పోతుంది. 1961లో హిందుస్తాన్ పాలిమర్స్‌గా మొదలై 1997లో కొరియా కంపెనీ చేతికి వెళ్లిన ఎల్‌జీ పాలిమర్స్ అక్కడే. పాలిస్టైరీన్ చేసేవారు. పెన్నుల గొట్టాలు, ఫ్రిజ్ లోపలి పెట్టెలు, పార్సిల్లో వచ్చే తెల్లటి ముక్కలు ఇలాంటివాటి ముడిసరుకు. దానికి కావాల్సింది స్టైరీన్, ఓడల్లో వచ్చేది.

ఐక్యరాజ్యసమితి పట్టికలో స్టైరీన్ సంఖ్య 2055. తరగతి మూడు, మండే ద్రవం. ఎర్ర చతురస్రంలో మంట. పుర్రె లేదు. పట్టికలో దాని అధికారిక పేరు చూడండి: "స్టైరీన్ మోనోమర్, స్థిరపరచినది." ఆ చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. లేబుల్లో మిగతావన్నీ పదార్థం స్వభావాలు. ఈ ఒక్కటి మాత్రం ఒక షరతు. స్టైరీన్ అణువులు వాటంతట అవే ఒకదానికొకటి తగులుకుని గొలుసులవుతాయి. తగులుకున్నప్పుడల్లా వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకాస్త వేగంగా తగులుకుంటాయి. దీన్ని ఆపడానికి టీబీసీ అనే మందు (మళ్లీ అదే మాట) కొద్దిగా కలుపుతారు, చల్లగా ఉంచుతారు, టీబీసీ పనిచెయ్యడానికి ద్రవంలో కొంచెం ఆక్సిజన్ కరిగి ఉండేలా చూస్తారు. ఇవన్నీ జరుగుతున్నంత సేపే అది స్థిరపరచినది. టీబీసీ రోజులు గడిచే కొద్దీ ఖర్చైపోతుంది. లేబుల్ మీద మాట మాత్రం అలాగే ఉంటుంది. యూరప్‌లో ట్యాంకర్ల మీద పెట్టే ప్రమాద సంఖ్యలో స్టైరీన్‌కి 39 రాస్తారు. 3 అంటే మండే ద్రవం, పక్కనున్న 9 అంటే దానంతటదే భీకరంగా చర్య జరిపే అవకాశం ఉంది అని. కనీసం ఆ తొమ్మిది ఒక అనుమానాన్ని మిగులుస్తుంది. మన దగ్గర అదీ కనపడదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఎం6 అనే ట్యాంకులో స్టైరీన్ నిలవుండిపోయింది. ప్రభుత్వం వేసిన నీరబ్ కుమార్ ప్రసాద్ కమిటీ జులై 6న ఇచ్చిన నివేదికలో ఏం జరిగిందో ఉంది. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచేది అడుగున మాత్రమే, పైన ఎంత వేడెక్కిందో చూసే దారి లేదు. టీబీసీ చాలినంత లేదు. మే 7 తెల్లవారుజామున మూడు గంటల వేళ ఆవిరి బయటపడింది. స్టైరీన్ ఆవిరి గాలికన్నా మూడున్నర రెట్లు బరువు. పైకి పోదు, నేల పట్టుకుని పాకుతుంది. వెంకటాపురం వాళ్లు నిద్రలో ఉన్నారు. కొందరు లేచి పరిగెత్తి రోడ్డు మీదే కూలిపోయారు. 12 మంది పోయారు, వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. ఫ్యాక్టరీలో సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటు ఉందనీ, ఒక్కచోట కూడా మోగించలేదనీ కమిటీ రాసింది.

ఆ ట్యాంకు మీద లేబుల్ తప్పని ఎవరూ అనలేరు. 2055 నిజమే, మంట నిజమే. కానీ ఆ రాత్రి మంట రాలేదు. లేబుల్ హెచ్చరించిన ప్రమాదం ఒకటి, వచ్చినది ఇంకొకటి. రవాణా గుర్తు అంటేనే అంత: ప్రయాణంలో, గంటల్లో జరిగేదాన్ని గురించి ఫైరింజన్ వాళ్లకి చెప్పేది. నెలన్నర కదలకుండా ఉన్న ట్యాంకు గురించీ, గోడవతల నిద్రపోతున్న ఇంటి గురించీ దానికేమీ తెలియదు.

2003 నుంచి ప్రపంచానికంతటికీ ఒకే లేబుల్ పద్ధతి ఉంది. 1992 రియో సదస్సులో అనుకున్నది, పదేళ్లకి తేలింది. జీహెచ్ఎస్ అంటారు. ఎర్ర అంచు చతురస్రంలో తొమ్మిది బొమ్మలు. ఫార్మా సిటీ డ్రమ్ముల మీదా, విదేశాల నుంచొచ్చిన క్లీనర్ సీసాల మీదా చూసుంటారు. అందులో ఒక బొమ్మ మనిషి ఛాతీ మీద నక్షత్రంలా పగుళ్లుంటాయి. మొదటిసారి చూసినవాళ్లకి గుండె చీల్చి చూపించే ఆంజనేయుడు గుర్తొస్తే వాళ్ల తప్పు కాదు. దాని అర్థం, ఇది మెల్లగా, లోపల్నుంచి, ఏళ్ల తరబడి దెబ్బతీస్తుందని. ఈ పద్ధతిలో స్టైరీన్‌కి మంటతో పాటు ఆశ్చర్యార్థకమూ, ఈ బొమ్మా కూడా పడతాయి. రవాణా గుర్తు చెప్పని సంగతి ఇది చెబుతుంది. కానీ ఇది కూడా డబ్బా మీదే ఉంటుంది.

బొమ్మ గీసినంత మాత్రాన చదివేవాడు పుట్టడు. జీవ ప్రమాదాన్ని సూచించే కొమ్ముల గుర్తుని 1966లో డౌ కంపెనీలో తయారుచేసినప్పుడు, చూడగానే ఏ అర్థమూ తట్టనిదీ, ఒకసారి చూస్తే మరచిపోలేనిదీ కావాలని ఏరుకున్నారు. అర్థం తర్వాత నేర్పించొచ్చనుకున్నారు. ఆస్పత్రుల్లో నేర్పించారు, అక్కడ అది పనిచేసింది. రేడియోధార్మికతకి ఉన్న మూడు రెక్కల గుర్తు విషయంలో జనానికి నేర్పించినవాళ్లు లేరు. ఫ్యాన్ అనుకున్నవాళ్లున్నారు. అందుకే అణుశక్తి సంస్థ 11 దేశాల్లో జనానికి చూపించి పరీక్షించి, 2007లో పుర్రె, పరిగెత్తే మనిషి ఉన్న కొత్త గుర్తు తెచ్చింది. నాకు తెలిసినంతలో గుర్తు గీసేముందు "ఇది చూస్తే నీకేమనిపిస్తోంది?" అని మామూలు మనుషుల్ని ఇంత పద్ధతిగా అడిగిన సందర్భాలు తక్కువ.

వెంకటాపురానికి కావాల్సిన లేబుల్లో రసాయన శాస్త్రం అక్కర్లేదు. తియ్యటి ఘాటు వాసన వస్తే అది పక్క ఫ్యాక్టరీ ఆవిరి. అది నేల మీద పాకుతుంది కాబట్టి పల్లంలోకి పోవద్దు. వాసన వెంటబడి వచ్చే దారిన పరిగెత్తొద్దు, గాలికి అడ్డంగా పక్కకి నడవండి. తడిగుడ్డ ముక్కుకి కట్టుకోండి. ఈ నంబర్‌కి ఫోన్ చెయ్యండి. పంచాయతీ గోడ మీద పట్టేంత రాత. రేషన్ షాపు దగ్గర పెట్టినా చాలు. చట్టం 1989 నుంచి అడుగుతున్నది ఇంతకన్నా పెద్దదేం కాదు.

రెండేళ్ల తర్వాత, 2022 జూన్ 3న, అచ్యుతాపురం సెజ్‌లో దుస్తులు కుట్టే యూనిట్‌లో పనిచేస్తున్న ఆడవాళ్లు వాంతులు చేసుకుంటూ, స్పృహ తప్పుతూ పడిపోయారు. వందమందికి పైగా. ఏ వాయువో ఎవరికీ తెలియదు. మొదట అమ్మోనియా అన్నారు. ఆగస్టులో మళ్లీ అలాగే జరిగింది. తర్వాత పరీక్షల్లో క్లోర్‌పైరిఫాస్ ఆనవాళ్లు దొరికాయన్నారు. చీడలకి కొట్టే మందే. ఎరువుల కొట్టుకెళ్లి అడిగితే ఇస్తారు. సీసా మీద పసుపు త్రికోణం, దాని పైన విషం అన్న మాట, పక్కన మడత విప్పితే బారెడు కాగితం మీద చిన్న అక్షరాల్లో తెలుగులో కూడా, ఒంటికి తగిలితే ఏం చెయ్యాలో, డాక్టర్‌కి ఏ విరుగుడు చెప్పాలో అంతా రాసి ఉంటుంది.